గొంతు మనది, మీట ఎవరిది?

పాటకీ స్త్రీకీ ఉన్న సంబంధం గురించి మనం చాలా రాసుకున్నాం. రోకటి పాటలు, తిరగలి పాటలు, లాలిపాటలు, మంగళహారతులు, బతుకమ్మ పాటలు స్త్రీల సొంత సాహిత్యమని వాదించి నిలబెట్టుకున్నాం. పాట రికార్డుల్లోకి ఎక్కాక కూడా గొంతు వరకూ స్త్రీలకి లోటు రాలేదు. పి. సుశీల గారు 17,695 పాటలు పాడారని 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్క తేల్చారు. అది చదివినప్పుడు అందరిలాగే నేనూ గర్వపడ్డాను. ఆ వెంటనే ఒక ప్రశ్న కూడా వచ్చింది. ఈ పాటల్లో ఎన్నింటిని స్త్రీలు రికార్డు చేసి ఉంటారు? స్టూడియోలో గాజు అద్దానికి ఒక పక్క మైకు ముందు నిలబడ్డది స్త్రీ. రెండో పక్క మీటల ముందు కూర్చున్నది ఎవరు?

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2019లో ఒక అధ్యయనం ప్రకటించారు. 2012 నుంచి 2018 మధ్య బాగా వినబడ్డ పాటల్లోంచి 400 తీసుకుని చూస్తే, వాటి రికార్డింగ్ నిర్మాతల్లో స్త్రీలు 2.1 శాతం. పాడేవాళ్ళలో స్త్రీల వాటా దీనికి ఎన్నో రెట్లు. గొంతు కావాలి, చెయ్యి అక్కర్లేదు అన్నమాట.

ఈ తేడా నాకు ఎందుకు ఇంత ముఖ్యమైందో చెప్పాలి. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తాను. మేం అయిదుగురు స్నేహితులం కొన్నేళ్ళుగా పాలమూరు పల్లెల్లో స్త్రీల పాటలు సేకరిస్తున్నాం. మొదట్లో పాడేవాళ్ళని పట్నంలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళేవాళ్ళం. అలా వచ్చినవాళ్ళలో డెబ్భై దాటిన ఒక అవ్వ ఉంది. సీతమ్మ కష్టాల పాట గంట సేపు పాడింది. మధ్యలో ఒకచోట ఆగి, "ఈ చరణం మా అత్త పాడేది గాదు బిడ్డా, నేనే అల్లిన" అంది. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. నెల తర్వాత స్టూడియో ఇచ్చిన సీడీలో పాట ఉంది, ఆ మాట లేదు. గాజుల చప్పుడు, దగ్గు, నవ్వు, పక్కనున్నామె అందించిన పదం, అన్నీ పోయాయి. "నాయిస్ క్లీన్ చేశాం మేడమ్" అన్నాడు ఇంజనీరు, మెచ్చుకుంటామనుకుని. అసలు ఫైలు అడిగితే, ఫైనల్ ఇచ్చాక అవి ఉంచమన్నాడు. మళ్ళీ వెళ్ళి అడుగుదామనుకునేసరికి అవ్వ లేదు.

ఆ అబ్బాయికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. అతనికి పాట అంటే పాటే. మిగతాదంతా చెత్త. మాకు మాత్రం ఆ ఒక్క వాక్యం ఒక స్త్రీ తన రచన మీద పెట్టుకున్న సంతకం. జానపదం అనగానే కర్త ఎవరో తెలియదు అని రాసేస్తాం కదా. ఇక్కడ కర్త తనే నోరు విప్పి చెప్పింది. రికార్డు చేసినవాళ్ళు చెరిపేశారు. అప్పుడే మేం ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొని, దాన్ని మేమే అమర్చుకోవడం నేర్చుకున్నాం. ఆ నేర్చుకోవడంలో ఒక్కో మీట వెనకా ఒక్కో చరిత్ర కనిపించింది. ఈ వ్యాసం దాని గురించే.

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే అరచేతి కన్నా కాస్త పెద్దదైన పెట్టె. ముందు రెండు మైకు వైర్లు పెట్టే చోట్లు, ఒక్కోదానికి ఒక మీట, హెడ్‌ఫోన్స్‌కి ఒక చోటు. వెనక కంప్యూటర్‌కి వెళ్ళే యూఎస్‌బీ వైరు. మైకు నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్తుని పెంచుతుంది. దాన్ని సెకనుకి వేల సార్లు కొలిచి అంకెలుగా మార్చి కంప్యూటర్‌లోని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తుంది. అక్కణ్ణించి తిరిగొచ్చిన అంకెల్ని మళ్ళీ శబ్దం చేసి మన చెవికి పంపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు తెరిస్తే అది అడిగేవి నాలుగైదు ప్రశ్నలే. ఏ డ్రైవరు వాడాలి? ఏ పరికరం నుంచి వినాలి, దేనికి వినిపించాలి? శాంపుల్ రేటు ఎంత? బఫర్ ఎంత? వీటికి జవాబులు ఇవ్వడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. వంటింట్లో ఏ గిన్నెకి ఎంత మంట పెట్టాలో తెలిసినవాళ్ళకి ఇది కష్టం కాదు.

మొదటిది గెయిన్ మీట. మైకు ఎంత గట్టిగా వినాలో చెప్పేది. దీని చరిత్ర చెప్పాలంటే అసలు మీటే లేని రోజుల దగ్గర మొదలుపెట్టాలి. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చాడు. అక్కడ శశిముఖి, ఫణిబాల, ఆ తర్వాత గౌహర్ జాన్ పాడారు. మన దేశంలో వ్యాపారం కోసం రికార్డయిన తొలి గొంతుల్లో ఇవి స్త్రీల గొంతులు. నాటక రంగంలోనో, తవాయిఫ్‌ల సంప్రదాయంలోనో పెరిగిన స్త్రీలవి. కులీన కుటుంబాల ఆడవాళ్ళు బయట పాడకూడని కాలం అది. అప్పట్లో మైకు లేదు, కరెంటు లేదు. పెద్ద కొమ్ము లాంటి గొట్టంలోకి పాడితే ఆ ఊపుకి సూది మైనం మీద గీత గీసేది. శబ్దం ఎక్కువ తక్కువలు సర్దాల్సింది పాడేవాళ్ళ శరీరమే. మంద్రంలో గొట్టానికి దగ్గరగా జరగాలి, తారస్థాయిలో వెనక్కి తగ్గాలి. రాగం అంతా మూడు నిమిషాల్లో ముగించాలి. గౌహర్ జాన్ ఆ కిటుకు పట్టేసింది. ఒక్కో సెషన్‌కి మూడు వేల రూపాయలు అడిగి తీసుకుందని చెప్తారు.

పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. మాస్టర్లు జర్మనీలోని హానోవర్ వెళ్ళి ప్లేట్లుగా అచ్చయి రావాలి. అక్కడివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియడానికి ఈ ఏర్పాటు. కారణం గుమాస్తాల సౌకర్యమే కావచ్చు. కానీ నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమె పేరు ఆమె గొంతులోనే మనకి అందుతోంది. ఆ ప్లేట్లలో గరగర బోలెడు ఉంది. అయినా ఆమె సంతకాన్ని ఎవరూ చెత్త అనుకోలేదు. మా అవ్వకి దక్కనిది అదే.

1925లో విద్యుత్ రికార్డింగ్ వచ్చింది. మైకులు, మీటలు వచ్చాయి. పాడేవాళ్ళు ముందుకీ వెనక్కీ జరగక్కర్లేదు, ఎవరో ఒకరు మీట తిప్పితే చాలు. ఆ ఎవరో ఒకరు అద్దం అవతల కూర్చున్నారు. గొంతుకి సరిపడేలా మీట తిప్పడం వాళ్ళ పని. మనకి మాత్రం అలవాటైన మాట, "గొంతు కొంచెం తగ్గించమ్మా".

ఈ "తగ్గించమ్మా" వెనక రేడియో చరిత్ర ఉంది. 1920ల్లో అమెరికాలో రేడియో స్టేషన్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఒక్కోదానికి ఇంత వెడల్పు అని కేటాయించారు. అందులో శబ్దానికి దక్కింది సుమారు 5,000 హెర్ట్‌జ్ వరకే. టెలిఫోన్ అయితే ఇంకా ఇరుకు, 300 నుంచి 3,400 వరకే. స్త్రీల మాటల్లో స, శ లాంటి హల్లుల శక్తి మగవాళ్ళ మాటల్లో కన్నా ఎక్కువ ఎత్తులో ఉంటుంది. ఆ భాగాన్ని యంత్రం కోసేసింది. మాట అస్పష్టమైంది. తప్పు ఎవరి మీద వేశారు? 1926లో న్యూయార్క్ స్టేషన్ మేనేజరు ఒకాయన, శ్రోతల్లో నూటికి ఒక్కరే ఆడ అనౌన్సర్లు కావాలంటున్నారన్నాడు. 1927లో బెల్ పరిశోధనశాల ఇంజనీరు ఒకాయన, స్త్రీ గొంతుని ప్రకృతే మృదువుగా మాట్లాడటానికి తయారు చేసిందన్న అర్థం వచ్చేలా రాశాడు. పరికరం ఇరుకుతనం స్త్రీ స్వభావం అయిపోయింది. కీచుగొంతు అనే తిట్టులో ఎంత భాగం గొంతుది, ఎంత భాగం యంత్రానిది అని అప్పటినుంచీ అడగాల్సి ఉంది.

ఇప్పటి ఇంటర్‌ఫేస్‌లో ఈ ఇరుకు లేదు. 24 బిట్లలో రికార్డు చేస్తే అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య అంకెల లెక్కలో 144 డెసిబెల్‌ల దూరం ఉంటుంది. సీడీలో అది 96. అంత జాగా ఉన్నప్పుడు ఎవర్నీ తగ్గమనక్కర్లేదు. మేం చేసేదిది. బతుకమ్మ పాటకి రెండు మైకులు పెడతాం. ఒకటి పాట ఎత్తుకునే ఆమెకి, ఒకటి వంతపాడే వాళ్ళకి. ముందు అందర్నీ ఒకసారి చప్పట్లు కొడుతూ గట్టిగా పాడమంటాం. అన్నిటికన్నా గట్టి చప్పట్లు పడ్డప్పుడు కూడా మీటరు సున్నాకి పన్నెండు డెసిబెల్‌లు కిందే ఉండేలా గెయిన్ తగ్గించి పెడతాం. సున్నా తగిలితే శబ్దం పగిలిపోతుంది, తర్వాత ఎవరూ అతికించలేరు. తక్కువగా వచ్చినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. సర్దుకోవాల్సింది పెట్టె, పాడే మనిషి కాదు.

పెట్టె మీద 48 ఓల్ట్‌లు అనే బటన్ ఒకటి ఉంటుంది. కండెన్సర్ రకం మైకులకి అదే వైరులో కరెంటు పంపేది. 48 ఎందుకు? 1966లో జర్మనీ కంపెనీ న్యూమన్ నార్వే రేడియోకి మైకులు ఇవ్వాల్సి వచ్చింది. చలికాలంలో పగలే చీకటిగా ఉండే ఆ దేశంలో, స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 ఓల్ట్‌ల సరఫరా ముందే ఉంది. దాన్నే వాడుకున్నారు. అది ప్రపంచ ప్రమాణమైంది. శాంపుల్ రేటు కథా అంతే. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్‌జ్ వరకూ వింటుంది కాబట్టి సెకనుకి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి. అయితే 44,100 అనే వింత అంకె ఎక్కడిది? తొలి డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. తెర మీద ఒక్కో గీతకి మూడు కొలతలు, 245 గీతలు, సెకనుకి 60 సార్లు. గుణిస్తే 44,100. ఆ అంకే 1982లో సీడీలోకి వచ్చి కూర్చుంది. వీడియోతో కలిపి వాడేందుకు 48,000 అలవాటులో ఉంది. మేం అదే పెడతాం.

ఈ అంకెలు తెలుసుకున్నాక నాకు ఒక భయం పోయింది. సాంకేతిక ప్రమాణం అంటే ప్రకృతి నియమం అన్నట్టు మనకి నేర్పారు. నిజానికి అవి ఒకప్పుడు కొందరు మనుషులు చేతిలో ఉన్నవాటితో చేసుకున్న సర్దుబాట్లు. ఆ గదుల్లో స్త్రీల మాట సాగింది బహు తక్కువ. గొంతు మాత్రం అక్కడా వాడుకున్నారు. 1980ల చివర్లో జర్మనీలో ఎంపీత్రీ పద్ధతిని తయారు చేస్తున్నప్పుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ పరీక్ష కోసం సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' ఎంచుకున్నాడు. వాయిద్యాలు లేకుండా ఒక్క స్త్రీ గొంతే ఉన్న పాట అది. మొదట ఆ గొంతు ఘోరంగా చెడిపోయింది. అది చెడకుండా వచ్చేదాకా పద్ధతిని మళ్ళీ మళ్ళీ సరిచేశారు. ఈ సంగతి ఆమెకి చాలా కాలం తర్వాత తెలిసింది. ఆమెకి ఎంపీత్రీ తల్లి అని పేరు పెట్టారు. అడగకుండా తల్లిని చేయడం మనకి తెలియని విషయమా?

ఇక బఫర్. కంప్యూటర్ ఒక్కో కొలతనీ విడిగా తీసుకోదు, గుప్పెళ్ళుగా తీసుకుంటుంది. ఆ గుప్పెడు సైజే బఫర్. 48,000 రేటులో 1,024 పెడితే ఒక్కో గుప్పెడు నిండటానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, వెరసి పాడేవాళ్ళ చెవికి తమ గొంతు 43 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వినడానికి చిన్న అంకె. ఒక పెద్దమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టిన నిమిషంలోనే తీసేసి, "నా మాట నాకే ఎన్కకెళ్ళి ఇనవడుతున్నది బిడ్డా, ఎవరో ఎక్కిరిచ్చినట్టు" అంది. ఇంతకన్నా సరిగ్గా ఏ పుస్తకమూ చెప్పలేదు. బఫర్ 128కి తగ్గిస్తే గుప్పెడుకి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. మరీ తగ్గిస్తే పాత కంప్యూటర్ అందుకోలేక చిటపటలు వస్తాయి. విండోస్ కంప్యూటర్లలో ఈ ఆలస్యం తగ్గించడానికే 1997లో స్టైన్‌బర్గ్ అనే జర్మన్ కంపెనీ యాసియో అనే డ్రైవర్ పద్ధతి తెచ్చింది. అది మధ్యలో విండోస్ చేసే కలగలుపుని తప్పించి సాఫ్ట్‌వేర్‌ని నేరుగా పెట్టెతో మాట్లాడనిస్తుంది. సెట్టింగుల్లో పెట్టె కంపెనీ ఇచ్చిన యాసియో డ్రైవర్‌నే ఎంచుకోవాలని అందుకే చెప్తారు. ఇదంతా కాక, డైరెక్ట్ మానిటర్ అని పెట్టె మీదే ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే చెవికి వస్తుంది. పెద్దమ్మకి అదే నొక్కాం. మళ్ళీ పాడింది.

స్త్రీలు మీటల దాకా అసలు రాలేదా అంటే, వచ్చారు. వచ్చినవాళ్ళ పేర్లు పక్కన పెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీబీసీలో స్టూడియో ఇంజనీరుగా చేరిన డాఫ్నీ ఓరమ్ ఏళ్ళ తరబడి పట్టుబడితే 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఏర్పడింది. ఆమె మరుసటి ఏడాదే బయటికొచ్చి కెంట్‌లో సొంత స్టూడియో పెట్టుకుంది. సినిమా ఫిల్ము మీద చేత్తో గీతలు గీస్తే శబ్దంగా మార్చే యంత్రాన్ని తయారు చేసుకుంది. డెలియా డర్బీషైర్ కేంబ్రిడ్జ్‌లో లెక్కలూ సంగీతమూ చదివి 1959లో డెక్కా కంపెనీకి వెళ్తే, రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్ళని తీసుకోమన్నారు. ఆమె 1963లో బీబీసీలో టేపు ముక్కలు కోసి అతికించి 'డాక్టర్ హూ' సీరియల్ తొలి సంగీతం తయారు చేసింది. బాణీ రాసిన రాన్ గ్రైనర్ పేరులో ఆమెకీ భాగం ఇమ్మన్నాడు. వర్క్‌షాప్ ఉద్యోగుల పేర్లు వేయకూడదన్న బీబీసీ నియమం అడ్డొచ్చింది. తెర మీద ఆమె పేరు పడింది 2013లో. ఆమె చనిపోయింది 2001లో.

పెట్టె లోపలికి చూస్తే స్త్రీల చేతులు ఇంకా ఉన్నాయి. ఇలాంటి పరికరాలన్నిటికీ ప్రాణం చిప్పులు. 1965 నుంచి 1975 దాకా అమెరికాలో నవహో ఆదివాసుల ప్రాంతం షిప్‌రాక్‌లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఫ్యాక్టరీ నడిచింది. అక్కడ చిప్పులు అమర్చినవాళ్ళలో ఎక్కువమంది నవహో స్త్రీలు. వాళ్ళు తివాచీలు నేసే చేతులు కాబట్టి ఈ పనికి సహజంగా సరిపోతారని కంపెనీ తన ప్రచార పుస్తకంలో చెప్పుకుంది. నైపుణ్యాన్ని సహజం అనేస్తే దానికి తగ్గ జీతం ఇవ్వక్కర్లేదు. పెట్టెలో తీగలు అతికేటప్పుడు స్త్రీల వేళ్ళు సహజం, అదే పెట్టె మీద మీట తిప్పేటప్పుడు అసహజం. ఈ తర్కం మనకి కొత్త కాదు.

మన దగ్గర కూడా ఆధారాలు లేకపోలేదు. భానుమతి గారిని నటిగా, గాయనిగా, 'అత్తగారి కథల' రచయిత్రిగా తలుచుకుంటాం. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన మనిషి ఆవిడ. భర్త రామకృష్ణ గారితో కలిసి మద్రాసులో భరణీ స్టూడియో నడిపారు. గాజు అద్దానికి రెండు పక్కలా తన మాట చెల్లిన స్త్రీలు మనకి ఎంతమంది ఉన్నారో ఎవరైనా వెతికి రాయాలి. ఇంకో ఆధారం స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటల్ని స్త్రీలే వెళ్ళి టేపుల మీదకి ఎక్కించి తెచ్చిన పుస్తకం. టేప్ రికార్డర్ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఏ ప్రశ్న అడుగుతారు, ఏ మౌనాన్ని భరిస్తారు, ఏ మాటని ఉంచుతారు అన్నది మారుతుందని మనకి నేర్పింది ఆ పుస్తకమే. పాటకి మాత్రం ఆ పాఠం ఇంకా పూర్తిగా అన్వయించుకోలేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. పాడేముందు ఎవరికి వాళ్ళు తమ పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్తారు. సొంతంగా అల్లినదైతే ఆ సంగతీ చెప్తారు. నాయిస్ తీసే ఫిల్టర్లేవీ రికార్డు చేసేటప్పుడు పెట్టం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మా అవసరానికి చాలు. అసలు ఫైలుని ముట్టుకోకుండా రెండు చోట్ల దాస్తాం. వినిపించడానికి చేసే శుభ్రమైన ప్రతి వేరే ఉంటుంది. రికార్డింగ్ అయ్యాక పాడినవాళ్ళకే హెడ్‌ఫోన్స్ ఇచ్చి ఏది ఉంచాలో, ఏది వద్దో అడుగుతాం. కొందరు తీసేయమంటారు. అత్తింటివాళ్ళ పేర్లు వచ్చిన చోట్లు, తాగుబోతు మొగుణ్ణి తిట్టిన చోట్లు. తీసేస్తాం, ఎందుకంటే ఆ నిర్ణయం వాళ్ళది.

మా విద్యార్థినులు ఇప్పుడు పది నిమిషాల్లో పెట్టె కలిపి, డ్రైవర్ ఎంచి, 48,000 పెట్టి, గెయిన్ సరిచూసి సిద్ధంగా ఉంటున్నారు. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక ఊళ్ళో పాడటానికి వచ్చిన ఒక కోడలు పిల్ల ఆ మీట ఎందుకని అడిగింది. చెప్పాం. తన వంతు అయ్యాక వెళ్ళిపోకుండా కూర్చుని, తర్వాత పాడినవాళ్ళందరికీ తనే మీట పట్టుకుంది. ఆ ఊరి ఫైళ్ళ మీద రికార్డు చేసినవారు అన్న చోట ఆమె పేరు ఉంది.